ఫార్మాట్ కొట్టాక లైసెన్స్ కీ ఎందుకు చెల్లదు

కొత్తగా ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన లాప్‌టాప్ తెర మీద కుడివైపు కింది మూల "యాక్టివేట్ విండోస్" అన్న అక్షరాలు బూడిద రంగులో తేలుతుంటాయి. మెషిన్ నిన్నటిదే, కీ పాతదే, కొన్న బిల్లు బీరువాలో భద్రంగా ఉంది. మధ్యలో జరిగిందల్లా ఒక్క ఫార్మాట్, అంటే డిస్కు తుడిచి విండోస్ మళ్లీ వేయడం. అయినా కీ కొడితే తీసుకోదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ తెరిస్తే ఎడ్యుకేషనల్ మోడ్ అంటుంది. ఇంజినీరింగ్ లెక్కల సాఫ్ట్‌వేర్ మాట్‌ల్యాబ్ తెరిస్తే ఎర్రర్ మైనస్ 9 చూపిస్తుంది. అందరూ మొదట అనుమానించేది తాము కీ తప్పుగా కొట్టామేమో అని. నూటికి తొంభై సార్లు తప్పు అక్కడ ఉండదు.

లైసెన్స్ అంటే కీ ఒక్కటే కాదు. కీ ఒక సగం. ఆ కీని ఏ మెషిన్ మీద వాడారో చెప్పే గుర్తు రెండో సగం. మొదటిసారి యాక్టివేట్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ మెషిన్ ఆనవాళ్లు తీసుకుని కొంత డిస్కులో, కొంత కంపెనీ సర్వర్‌లో రాసిపెట్టుకుంటుంది. ఫార్మాట్ కొడితే డిస్కులో ఉన్నది పోతుంది, సర్వర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. ఆ ఆనవాళ్లను మదర్‌బోర్డు (భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు) లాంటి కదలని వస్తువు నుంచి తీసుకుని ఉంటే సాఫ్ట్‌వేర్ మళ్లీ గుర్తుపడుతుంది. ఫార్మాట్‌తోపాటు మారిపోయే వాటినుంచి తీసుకుని ఉంటే మాత్రం మీ మెషిన్‌ని పరాయి మెషిన్ అనుకుంటుంది. కీ సమస్య ఏది వచ్చినా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఈ సాఫ్ట్‌వేర్ నా మెషిన్‌ని దేన్ని చూసి గుర్తుపడుతోంది?

టైపింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. విండోస్ కీలో 25 గుర్తులుంటాయి, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. ఇంగ్లీషు అచ్చులు ఏ, ఈ, ఐ, ఓ, యూ అందులో ఎక్కడా రావు. ఎల్, ఎస్, జెడ్ కూడా రావు. అంకెల్లో 0, 1, 5 లేవు. ఎన్ అక్షరం విండోస్ 8 నుంచే కనిపిస్తుంది. కాబట్టి స్టిక్కర్ మీద సున్నాలా ఉన్నది సున్నా కాదు, డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది. నిజంగా తికమక పెట్టేవి రెండు జంటలు: 8కి బీ, 6కి జీ. ఈ నాలుగూ కీలో రాగలవు కాబట్టి అరిగిన స్టిక్కర్ ఉంటే ముందు వీటినే మార్చి చూడాలి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. తప్పు కీని విండోస్ ఇంటర్నెట్ లేకుండానే పట్టేస్తుంది, ఎందుకంటే కీ నిర్మాణాన్ని మెషిన్ మీదే లెక్కగట్టి చూస్తుంది. కీని ఒప్పుకుని, తర్వాత నెట్‌కి వెళ్లి యాక్టివేట్ కాలేదంటే మీరు సరిగ్గానే కొట్టారు. ఇక వెతకాల్సింది వేరేచోట.

ఆ వేరేచోట్లలో మన దగ్గర మొదటిది ఎడిషన్, అంటే హోమ్, ప్రో లాంటి విండోస్ రకం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి విండోస్‌తో వచ్చే బ్రాండెడ్ లాప్‌టాప్‌లకు స్టిక్కర్ మీద కీ ఉండదు. మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో (బోర్డు చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్), ఎమ్‌ఎస్‌డీఎమ్ అనే పట్టికలో కీ రాసి ఉంటుంది. డిస్కు మార్చినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అది చెరగదు. మన దేశంలో అమ్మే చాలా లాప్‌టాప్‌లలో ఆ కీ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్‌ది. అది ప్రోకి చెల్లదు. మామూలు హోమ్‌కీ చెల్లదు, పేర్లు దగ్గరగా ఉన్నా ఆ రెండూ వేరు వేరు ఎడిషన్లు. సర్వీసు షాపులో ఓఎస్ వేసే అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ప్రో ఉంటుంది, పది మెషిన్లకు అదే వేస్తాడు. "ప్రో వేశాను సార్" అంటే ఇచ్చినవాళ్లకు కూడా సంతోషమే. కానీ ఆ క్షణం నుంచి బోర్డు మీద ఉన్న మీ సొంత కీ దేనికీ పనికిరాకుండా కూర్చుంటుంది. ప్రో మీద హోమ్ సింగిల్ లాంగ్వేజ్ కీ కొట్టి కిందికి దిగడం కుదరదు. మళ్లీ మొదటి నుంచి సరైన ఎడిషన్ వేయాల్సిందే.

అలా వేసిన ప్రో కొన్నాళ్లు యాక్టివేట్ అయినట్టే కనిపిస్తుంది. దాని వెనక కథ తెలియాలంటే స్టార్ట్‌లో రన్ తెరిచి ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీ, ఎల్, ఐ కొట్టండి. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో డిస్క్రిప్షన్ అన్న వరుస చివర చానల్ పేరు ఉంటుంది. ఓఈఎమ్ అండర్‌స్కోర్ డీఎమ్ అని ఉంటే బోర్డు మీది కీ వాడుకలో ఉందన్నమాట. రిటైల్ అని ఉంటే విడిగా కొన్నదో, కీ బదులు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉండే డిజిటల్ లైసెన్సో. వాల్యూమ్ అండర్‌స్కోర్ కేఎమ్‌ఎస్‌క్లయింట్ అని ఉంటే అది ఆఫీసుల కోసం పెట్టిన పద్ధతి. ఆఫీసు నెట్‌వర్క్‌లోని కేఎమ్‌ఎస్ సర్వర్ ఈ యాక్టివేషన్‌ను 180 రోజులకు ఇస్తుంది, క్లయింట్ ఏడేసి రోజులకోసారి దాన్ని పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఇంట్లో వాడే సొంత లాప్‌టాప్‌లో ఈ మాట కనిపించిందంటే లైసెన్స్ లేకుండానే యాక్టివేట్ అయినట్టు చూపించే యాక్టివేటర్ టూల్ ఎవరో నడిపారని అర్థం. యాంటీవైరస్ ఆ టూల్‌ని తీసేసిన రోజు నుంచి గడువు దిగుతూ వస్తుంది. అప్పుడు జనం లైసెన్స్ పోయిందనుకుంటారు. అసలు ఆ మెషిన్‌లో నడిచింది లైసెన్సే కాదు. బాధ కలిగించే విషయం ఏమిటంటే, డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్స్ అదే బోర్డు మీద వాడకుండా పడి ఉంటుంది.

దాన్ని తిరిగి వాడుకోవడం పెద్ద పని కాదు. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుని మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ తయారు చేయాలి. అందులో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో అన్నీ కలిసే ఉంటాయి. దాంతో బూట్ చేస్తే సెటప్ బోర్డు మీది కీ చదివి, ఎడిషన్ అడగకుండా తనే ఎంచుకుంటుంది. పూర్తయ్యాక నెట్ ఇస్తే కొద్ది నిమిషాల్లో తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. కీ కొట్టే పనే లేదు. ఎక్కడైనా కీ అడిగితే నా దగ్గర కీ లేదన్న వరుస నొక్కి ముందుకెళ్లాలి. కొత్త ఇన్‌స్టాల్ తర్వాత వైఫై డ్రైవర్ లేక నెట్ రాకపోవడం చాలా మామూలు. అలాంటప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఎక్కువ మెషిన్లలో నెట్ వచ్చేస్తుంది.

సింగిల్ లాంగ్వేజ్ అన్న పేరు చూసి తెలుగు టైపింగ్ రాదేమోనని కొందరు భయపడతారు. కీబోర్డు ఎన్ని భాషలకైనా పెట్టుకోవచ్చు. ఒక్కటే ఉండేది మెనూలు కనిపించే భాష. ఆ భాష ఏదో సెటప్ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడే చూసుకోవాలి.

ఇదే సౌకర్యం కొందరికి తలనొప్పి అవుతుంది. లాప్‌టాప్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌తో వచ్చింది, తర్వాత మీరు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు కట్టి ప్రోకి మారారు. ఫార్మాట్ కొడితే సెటప్ మళ్లీ బోర్డు మీది కీ చూసి సింగిల్ లాంగ్వేజే వేస్తుంది. ప్రో డబ్బులు పోయాయని కంగారు పడక్కర్లేదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీకి వెళ్లి ట్రబుల్‌షూట్ నొక్కితే, ప్రో డిజిటల్ లైసెన్స్ ఉందని గుర్తించి ఎడిషన్‌ను పైకి మార్చే దారి చూపిస్తుంది. మొదటి నుంచీ ప్రోనే వేయాలనుకుంటే పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాలి. చదరపు బ్రాకెట్లలో చానల్, కింది వరుసలో రిటైల్, ఆ కింద మళ్లీ చదరపు బ్రాకెట్లలో వీఎల్, చివరి వరుసలో 0, మొత్తం నాలుగు వరుసలు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ తగిలించుకోకుండా చూసుకోవాలి. అలా తగిలితే సెటప్ ఆ ఫైలును పట్టించుకోదు, కారణం తెలియక గంట పోతుంది. ఫైలు సరిగ్గా ఉంటే సెటప్ ఎడిషన్ల పట్టిక చూపించి మిమ్మల్నే ఎంచుకోమంటుంది.

ఫార్మాట్‌కి ముందు కీ రాసుకుందామని ఎక్కువమంది చేసే పనే ఒక ఉచ్చు. కీ చూపించే చిన్న టూల్ ఏదో దింపుకుంటారు, అది 25 గుర్తులు చూపిస్తుంది, జాగ్రత్తగా డైరీలో రాసుకుంటారు. విండోస్ 10, 11లలో డిజిటల్ లైసెన్స్‌తో నడిచే మెషిన్లలో ఆ టూల్ చూపించేది జెనరిక్ కీ. చివరి ఐదు గుర్తులు చూడండి. ప్రోలో 3, వీ, 6, 6, టీ అని ఉంటుంది. హోమ్‌లో 8, హెచ్, వీ, ఎక్స్, 7. హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌లో 6, ఎఫ్, 4, బీ, టీ. ప్రపంచంలో డిజిటల్ లైసెన్స్ మీద నడిచే ప్రతి మెషిన్‌లోనూ ఆ ఎడిషన్‌కు ఇదే కీ ఉంటుంది. ఎడిషన్ ఏదో చెప్పడానికి తప్ప యాక్టివేషన్‌కు అది పనికిరాదు. ఇంకో కంప్యూటర్‌లో దాన్ని కొట్టి, చెల్లలేదని బాధపడటంలో అర్థం లేదు. అసలు లైసెన్స్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో, మీ హార్డ్‌వేర్ గుర్తు పక్కన ఉంటుంది.

బోర్డు మీది అసలు కీ చూడాలంటే విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో గెట్-సీఐఎమ్‌ఇన్‌స్టాన్స్‌తో సాఫ్ట్‌వేర్‌లైసెన్సింగ్‌సర్వీస్ అనే క్లాసును పిలిచి, అందులో ఓఏ3ఎక్స్ఒరిజినల్‌ప్రొడక్ట్‌కీ అనే విలువ అడగాలి. పాత వ్యాసాల్లో కనిపించే డబ్ల్యూఎమ్‌ఐసీ కమాండ్ కొత్త విండోస్ 11లో దానంతట అది ఉండదు కాబట్టి ఇదే దారి. ఖాళీ వరుస వచ్చిందంటే బోర్డు మీద కీ లేదు. విండోస్ అసలు బూటే కాకపోతే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే వేరే ఓఎస్) లేపండి. సిస్, ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, టేబుల్స్ అన్న ఫోల్డర్లు వరుసగా దాటితే ఎమ్‌ఎస్‌డీఎమ్ అనే ఫైలు ఉంటుంది. అడ్మిన్ హక్కులిచ్చే సూడో పెట్టి స్ట్రింగ్స్ కమాండ్‌తో దాన్ని చదివితే చివర్లో కీ కనిపిస్తుంది. చచ్చిన డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో ఏ ఎడిషన్ వేయాలో తేల్చుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. హైదరాబాద్ మార్కెట్లో దొరికే పాత కార్పొరేట్ లాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రో కీయే ఉంటుంది, కొనేముందు ఇది చూసుకుంటే మంచిది.

డిజిటల్ లైసెన్స్ గుర్తుల్లో అన్నిటికన్నా బరువైనది మదర్‌బోర్డు. ర్యామ్ పెంచినా, హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినా మామూలుగా ఏమీ కాదు. బోర్డు మారితే మాత్రం సర్వర్ దాన్ని కొత్త కంప్యూటర్‌గానే చూస్తుంది. లాప్‌టాప్ కంపెనీ సర్వీసు సెంటర్‌లో బోర్డు మారిస్తే, వాళ్లే కొత్త బోర్డులో సీరియల్ నంబరుతోపాటు విండోస్ కీ కూడా రాసి ఇవ్వాలి. మెషిన్ చేతికి తీసుకునేటప్పుడే పైన చెప్పిన పవర్‌షెల్ కమాండ్ కొట్టి చూపించమని అడగండి. ఖాళీ వస్తే అక్కడే చెప్పాలి, ఇంటికొచ్చాక చెబితే మళ్లీ వారం పడుతుంది. బయట మార్కెట్లో పాత బోర్డు వేయిస్తే అందులో ఇంకెవరి లాప్‌టాప్ కీయో ఉంటుంది, ఎడిషన్ కూడా అదే అవుతుంది.

విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే బోర్డు మారినా వెంట తీసుకెళ్లవచ్చు. అందుకు పాత బోర్డు నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి. యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపడి ఉందన్న వాక్యం కనిపించాలి. విండోస్ 10కి ఈ ముడి 2016 ఆగస్టులో వచ్చిన 1607 వెర్షన్ నుంచి ఉంది. బోర్డు మార్చాక అదే ఎడిషన్ వేసి, అదే అకౌంట్‌తో వెళ్లి, ట్రబుల్‌షూట్‌లో ఇటీవల హార్డ్‌వేర్ మార్చానన్న వరుస నొక్కితే పాత మెషిన్ల జాబితా వస్తుంది. అందులో మీ కంప్యూటర్ ఎంచుకుని యాక్టివేట్ నొక్కాలి. ఆ జాబితాలో విండోస్ తనంతట తను పెట్టుకున్న డెస్క్‌టాప్ అనే పేర్లు, పక్కన అర్థంకాని ఏడేసి గుర్తులు నాలుగైదు కనిపిస్తే ఏది ఏదో తెలియదు. ముందే కంప్యూటర్‌కు మీకు తెలిసే పేరు పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

పాత డెస్క్‌టాప్‌ల సంగతి వేరు. విండోస్ 7 కాలపు బ్రాండెడ్ మెషిన్లలో రెండు కీలుండేవి. డబ్బా వెనక స్టిక్కర్ మీద ఒకటి, లోపల ఇన్‌స్టాల్ అయి ఉన్నది ఇంకొకటి. లోపలిది ఆ కంపెనీ మెషిన్లన్నిటికీ ఉమ్మడిగా ఉండేది. బయోస్‌లోని (ఆ కాలపు బోర్డు ఫర్మ్‌వేర్) స్లిక్ అనే పట్టిక, డిస్కులోని సర్టిఫికెట్ ఫైలు, ఈ కీ, మూడూ కలిస్తేనే యాక్టివేట్ అయ్యేది. మామూలు డీవీడీతో ఫార్మాట్ కొడితే సర్టిఫికెట్ పోతుంది, అందుకే లోపలి కీ చెల్లదు. స్టిక్కర్ కీ మాత్రమే దిక్కు. ఆ స్టిక్కర్ కీతో విండోస్ 10ని యాక్టివేట్ చేసుకునే దారి 2015 నవంబరు నుంచి చాలాకాలం తెరిచే ఉంది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. ఆ లోపే ఒకసారి 10కి మారి యాక్టివేట్ అయిన మెషిన్‌కు డిజిటల్ లైసెన్స్ ఉండిపోయింది, మళ్లీ ఎన్నిసార్లు వేసినా అవుతుంది. మారని మెషిన్‌కు ఇప్పుడు స్టిక్కర్ కీ కొడితే కాదు. ఇంటర్నెట్‌లో "ఇంకా పనిచేస్తుంది" అనే పాత వీడియోలు చూసి పూట పోగొట్టుకోకండి.

ఎర్రర్ కోడ్‌ను చూసి చాలామంది మూసేస్తారు. కారణం అందులోనే రాసి ఉంటుంది. సీ004 తర్వాతి నాలుగు గుర్తులు చదవండి. ఎఫ్050 అంటే ఆ కీ ఈ విండోస్‌కు చెల్లదు, టైపింగ్ తప్పు గానీ ఎడిషన్ తేడా గానీ. ఎఫ్212 అంటే ఉన్న లైసెన్స్ ఒక ఎడిషన్‌ది, వేసింది ఇంకొకటి. ఎఫ్213 అంటే మెషిన్ మీద కీ ఏదీ దొరకలేదు, ఎఫ్211 అంటే హార్డ్‌వేర్ మారింది. బోర్డు మార్చినవాళ్లకు ఎక్కువగా ఈ రెండే వస్తాయి. ఎఫ్074 అంటే ఆఫీసు కేఎమ్‌ఎస్ సర్వర్ అందలేదు, బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ పెట్టి చూడాలి. సీ008 అంటే ఆ కీ ఇప్పటికే ఒప్పందంలో ఉన్నదానికన్నా ఎక్కువ మెషిన్లలో వాడారు. సీ020 అంటే వాల్యూమ్ కీ (ఒక సంస్థలోని చాలా మెషిన్లకు కలిపి ఇచ్చే కీ) కోటా అయిపోయింది. సీ003 అంటే కీని సర్వర్‌లో ఆపేశారు.

ఈ చివరి మూడు ఎక్కువగా వచ్చేది నెట్‌లో కొన్ని వందల రూపాయలకు కొన్న కీలకు. వాటిలో చాలావరకు ఏదో సంస్థకు ఇచ్చిన వాల్యూమ్ కీలను ముక్కలుగా అమ్మినవి. మొదటిసారి యాక్టివేట్ అవుతాయి కాబట్టి నమ్మకం కుదురుతుంది. ఏడాది తర్వాత ఫార్మాట్ కొట్టేసరికి కోటా అయిపోయి ఉంటుంది, లేదా ఆపేసి ఉంటారు. అమ్మినవాడి లింకు అప్పటికి ఉండదు. ఆ డబ్బుతో ఏమీ కొనకుండా, బోర్డు మీద ఉన్న హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వాడుకోవడమే మేలు.

80072ఎఫ్8ఎఫ్ అని వస్తే కీని వదిలేసి గడియారం చూడండి. బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎక్కడో పాత సంవత్సరానికి వెళ్తుంది. సర్వర్ సర్టిఫికెట్ తేదీలతో అది పొసగక కనెక్షనే కుదరదు. తేదీ, టైము, యూటీసీ ప్లస్ 5:30 జోన్ సరిచేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలు. సెల్ మార్చకపోతే రేపు మళ్లీ ఇదే.

ఇక విండోస్ దాటి మిగతా సాఫ్ట్‌వేర్ల దగ్గరికి వస్తే, నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. విండోస్ మదర్‌బోర్డును చూస్తుంది, చాలా సాఫ్ట్‌వేర్లు అలా చూడవు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వీఓఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, సీ కోలన్ కొట్టండి. నాలుగు గుర్తులు, ఒక గీత, మళ్లీ నాలుగు గుర్తులున్న నంబరు వస్తుంది. దాన్ని వాల్యూమ్ సీరియల్ నంబర్ అంటారు. ఇది డిస్కు తయారీదారు ఇచ్చిన సీరియల్ కాదు. డ్రైవును ఫార్మాట్ చేసిన ప్రతిసారీ విండోస్ కొత్తగా పుట్టించే నంబరు. విండోస్‌లో మాట్‌ల్యాబ్ హోస్ట్ ఐడీగా, అంటే మెషిన్ గుర్తుగా, తీసుకునేది సీ డ్రైవు తాలూకు ఈ నంబరునే. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా ఫార్మాట్ కొట్టినా హోస్ట్ ఐడీ మారిపోతుంది, పాత లైసెన్స్ ఫైలు పెడితే ఎర్రర్ మైనస్ 9 వస్తుంది.

అదే మైనస్ 9కి ఇంకో కారణం యూజర్ పేరు. వ్యక్తిగత లైసెన్స్ విండోస్ లాగిన్ పేరుకు కూడా ముడిపడి ఉంటుంది. పాత విండోస్‌లో లోకల్ అకౌంట్ పేరు ఒకటి ఉండేది. కొత్తది వేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వెళ్తే ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలతో విండోస్ తనే యూజర్ ఫోల్డర్ పేరు పెట్టేస్తుంది. ఆ తేడా కంటికి ఆనదు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఫార్మాట్‌కి ముందు సాఫ్ట్‌వేర్‌లోంచే డీయాక్టివేట్ చేసి, తర్వాత కొత్త హోస్ట్ ఐడీతో యాక్టివేట్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే కార్డుకు ఇచ్చిన నంబరు) చూస్తాయి. అది ఫార్మాట్‌తో మారదు, కానీ కొత్త విండోస్‌లో రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అన్న వైఫై సెట్టింగ్ ఆన్ అయి ఉంటే మారినట్టు కనిపిస్తుంది. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టి యాక్టివేట్ చేసి, తర్వాత ఆ అడాప్టర్ తీసేసినా అంతే. ఇంకొన్ని రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) మెషిన్‌గుయిడ్ విలువ చూస్తాయి, కొత్త విండోస్ వేస్తే అదీ కొత్తదే. అడోబి లాంటి లాగిన్ లైసెన్స్‌లకు ఈ బాధ తక్కువ. రెండు మెషిన్ల హద్దు దాటితే పాత దాన్నుంచి సైనవుట్ చేయమని అదే అడుగుతుంది.

ఆఫీస్ గురించి ఒకటే మాట. లాప్‌టాప్‌తోపాటు వచ్చిన ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ మొదట ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో తెరిచారో ఆ అకౌంట్‌కే చేరిపోయింది. కొన్నరోజు షాపువాళ్లు ఏదో ఈమెయిల్ సృష్టించి పెట్టి ఉంటే, ఫార్మాట్ తర్వాత మీ సొంత ఈమెయిల్‌తో వెళ్తే లైసెన్స్ కనిపించదు. వర్డ్ తెరిచి ఫైల్ మెనూలో అకౌంట్ నొక్కితే ఏ ఈమెయిలో కనిపిస్తుంది. ఫార్మాట్‌కి ముందే దాని ఫోటో తీసుకుని, పాస్‌వర్డ్ తెలుసో లేదో లాగిన్ అయి చూసుకోవాలి.

టాలీ వాడే దుకాణాలు, ఆడిటర్ ఆఫీసులు మాత్రం ఫార్మాట్ అన్న మాట వినగానే ఆగాలి. టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లో లైసెన్స్‌కి వెళ్లి, ముందు సరెండర్ చేయాలి. దీంతో కంపెనీ డేటాకు ఏమీ కాదు. సర్వర్ దగ్గర ఈ లైసెన్స్ ఏ మెషిన్‌లోనూ లేదని నమోదవుతుంది, అంతే. తర్వాత కొత్త విండోస్‌లో సీరియల్ నంబరు, యాక్టివేషన్ కీ ఇస్తే అన్‌లాక్ కీ ఈమెయిల్‌కు వస్తుంది. సరెండర్ చేయకుండా ఫార్మాట్ కొడితే పాత మెషిన్‌లోనే లైసెన్స్ ఉందని సర్వర్ అనుకుంటుంది, టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. నెలలో 1, 2, ఆఖరి తేదీలకు తప్ప వోచర్ ఎక్కదు. జీఎస్టీ రిటర్న్ గడువు ముందురోజు ఇలా అయితే ఆ ఆఫీసులో ఎవరికీ నిద్రుండదు. అప్పుడు టాలీ కస్టమర్ పోర్టల్‌లో లాగిన్ అయి లైసెన్స్‌ను రీసెట్ చేసి, మళ్లీ యాక్టివేట్ చేయాలి.

ఇక్కడ నిజంగా పని ఆగేది రీసెట్ దగ్గర కాదు, ఈమెయిల్ దగ్గర. ఎనిమిదేళ్ల కిందట టాలీ అమ్మినతను తన ఈమెయిలే ఇచ్చి ఉంటాడు, లేదా మానేసి వెళ్లిన అకౌంటెంట్‌ది. అన్‌లాక్ కీ ఆ పెట్టెలో పడుతుంది. అందుకే ఈ రోజే, ఏ ఫార్మాట్ ఆలోచనా లేనప్పుడే, లైసెన్స్ ఏ ఈమెయిల్ మీద ఉందో చూసి యజమాని పేరు మీదికి మార్పించుకోవాలి. డేటా ఫోల్డర్ ఎక్కడుందో కంపెనీ ఎంచుకునే తెర మీద పాత్ రాసి ఉంటుంది, సరెండర్‌తోపాటే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

డీటీపీ సెంటర్లలో, కొన్ని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లకు యూఎస్‌బీ లాక్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే చిన్న పరికరం) ఉంటుంది. లైసెన్స్ అందులోనే ఉంది కాబట్టి ఫార్మాట్ దాన్ని ఏమీ చేయలేదు. కానీ లాక్‌కి డ్రైవర్ కావాలి. పాత 32 బిట్ విండోస్‌లో నడిచిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు, డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను 64 బిట్ విండోస్ ఒప్పుకోదు. కొన్ని పాత డ్రైవర్లను విండోస్ 11లోని మెమరీ ఇంటిగ్రిటీ అన్న భద్రతా సెట్టింగ్ ఆపేస్తుంది. ఫార్మాట్‌కి ముందు డివైస్ మేనేజర్‌లో ఆ లాక్ పేరు, డ్రైవర్ వెర్షన్ రాసుకుని, కొత్త విండోస్‌కు ఆ డ్రైవర్ దొరుకుతుందో లేదో తెలుసుకున్నాకే ముందుకెళ్లాలి. దొరకకపోతే ఆ ఒక్క మెషిన్‌ను పాత విండోస్‌తోనే, నెట్ లేకుండా ఉంచడం నయం.

లైసెన్స్ కాకపోయినా ఇంకో కీ ఉంది, పోతే దాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు. కొత్త విండోస్ 11 మెషిన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డిస్కు చదవనివ్వని తాళం) తనంతట తనే ఆన్ అయి ఉంటుంది, డీ డ్రైవును కూడా కలుపుకుని. సీ డ్రైవు ఫార్మాట్ చేసి విండోస్ వేశాక డీ తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫార్మాట్‌కి ముందే ఆ అంకెలు చూసి కాగితం మీద రాసుకోండి, లేదా డీ డ్రైవుకు ఎన్‌క్రిప్షన్ తీసేసి అది పూర్తయ్యేదాకా ఆగండి.

అసలు చాలా సందర్భాల్లో ఫార్మాటే అక్కర్లేదు. విండోస్ లేస్తూ ఉంటే ముందు చెప్పిన ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లోని సెటప్‌ను లోపలినుంచే నడిపి ఫైళ్లు, యాప్‌లు ఉంచమన్న ఆప్షన్ ఎంచుకుంటే, విండోస్ ఫైళ్లన్నీ కొత్తవి వచ్చి, యాప్‌లు వాటి లైసెన్స్‌లతో సహా మామూలుగా అలాగే నిలుస్తాయి. వాల్యూమ్ సీరియల్ కూడా మారదు. విండోస్ అసలు లేవకపోతే, పెన్‌డ్రైవ్‌తో వేసేటప్పుడు సీ పార్టిషన్‌ను ఫార్మాట్ గానీ డిలీట్ గానీ చేయకుండా నేరుగా నెక్స్ట్ కొట్టండి. పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అందులో ప్రోగ్రామ్‌డేటా కింద పాత లైసెన్స్ ఫైళ్లు, యూజర్స్ కింద పాత లాగిన్ పేరు రెండూ దొరుకుతాయి. పది రోజుల తర్వాత ఆ ఫోల్డర్‌ను విండోస్ తనే తీసేస్తుంది, కాబట్టి మొదటి రోజే దాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి.